ముందు మాట, తర్వాత మీటర్

డిసెంబర్ వచ్చిందంటే ఆదిలాబాద్‌లో ఆటో ఎలక్ట్రీషియన్లకు తెల్లారకముందే ఫోన్లు మొదలవుతాయి. రాత్రి చలి సింగిల్ డిజిట్‌కు దిగిన ఊళ్లో పొద్దున సెల్ఫ్ కొడితే బండి టకటకమని ఊరుకుంటుంది. నిందంతా చలి మీద వేస్తాం. నిజానికి బ్యాటరీని లోలోపల తినేసేది కరీంనగర్, రామగుండంలో 45 డిగ్రీల దాకా పోయే మే నెల ఎండ. చలి ఆ సంగతిని బయటపెడుతుంది, అంతే.

బండి కదలకపోతే పక్క బండి ఆపి కేబుళ్లు తగిలిస్తాం. పొరపాట్లు జరిగేది అక్కడే. తొందరలో ప్లస్, మైనస్ తారుమారు చేయడం ఒకటి. రాజీవ్ రహదారి మీద బొగ్గు లారీని సాయం అడగడం రెండోది. లారీలో 12 వోల్టుల బ్యాటరీలు రెండు కలిసి 24 వోల్టులు ఇస్తాయి. కారు నడిచేది అందులో సగంతోనే. ఏది జరిగినా ఫళ్లున మెరుపు, కమురు వాసన, డాష్‌బోర్డు చీకటి. చుట్టూ చేరినవాళ్లలో ఒకరు వెంటనే తీర్పు చెప్పేస్తారు: “ఈసీఎం పోయింది, ఇగ వేలల్లనే!” ఈసీఎం అంటే ఇంజన్‌ను నడిపించే కంప్యూటర్.

కరీంనగర్‌లో నాకు తెలిసిన ఒక ఎలక్ట్రీషియన్ అలాంటి తీర్పులు చెవిన పెట్టడు. మీటర్ కూడా వెంటనే తీయడు. “ఏం జరిగిందో సక్కగ చెప్పుండ్రి సార్. కేబుల్ ఉల్టా పెట్టిండ్రా?” అని అడుగుతాడు. వచ్చినవాళ్లలో చాలామంది “ఏం చేయలేదు, ఉన్నట్టుండి ఆగిపోయింది” అంటారు. ఆయన నవ్వి బోనెట్ ఎత్తుతాడు. బ్యాటరీ ముక్కు మీద క్లిప్పు కరిచి నల్లబడిన గుర్తు ఎలాగూ సాక్ష్యం చెబుతుంది.

ఆయన పని బ్యాటరీ దగ్గర మొదలై ఒక్కో అడుగూ లోపలికి పోతుంది. నిండుగా ఉన్న బ్యాటరీ మీటర్ మీద 12.6 వోల్టులు చూపాలి. తర్వాత మెయిన్ ఫ్యూజ్. దాని చిన్న కిటికీలోంచి చూస్తే లోపలి రేకు తెగి, అంచులు మసిబారి కనిపిస్తాయి. ఇదెందుకు తెగుతుందంటే, మనం డైనమో అని పిలిచే ఆల్టర్నేటర్‌లో డయోడ్లుంటాయి. అవి కరెంటును ఒకే దిక్కుకు పోనిస్తాయి. బ్యాటరీ తిరగబడితే అదే దిక్కున వాటికి దారి తెరుచుకుని, కరెంటు వరదలా పారుతుంది. ఆ వరదకు ఫ్యూజ్ తాను తెగి మిగతావాటిని కాపాడుతుంది. అందుకే ఈసీఎం పోయిందన్న బండ్లు చాలాసార్లు ఒక ఫ్యూజ్‌తోనే లేస్తాయి.

బండి స్టార్ట్ అయినంత మాత్రాన ఆయన బిల్లు రాయడు. ఇంజన్ నడుస్తుండగా మళ్లీ కొలుస్తాడు. 13.8 నుంచి 14.4 మధ్య ఉంటే చార్జింగ్ బాగున్నట్టు. ముల్లు 12 దగ్గరే నిలిచిపోతే డైనమో దెబ్బతిన్నట్టు. ఒక్క డయోడ్ మాత్రమే పోతే జబ్బు మర్నాడు బయటపడుతుంది. రాత్రంతా కరెంటు వెనక్కి కారి, పొద్దునకు బ్యాటరీ మళ్లీ డౌన్. కొత్త బ్యాటరీ వేసినా అదే వరస. అన్నీ ఆపేసి, బండి పూర్తిగా నిద్రపోయాక చూస్తే కారే కరెంటు సాధారణంగా 50 మిల్లీ ఆంపియర్లు దాటకూడదు. దాటితే ఒక్కో ఫ్యూజ్ తీస్తూ మీటర్ చూడాలి. ఏది తీస్తే అంకె పడిపోతుందో దొంగ ఆ దారిలోనే ఉన్నట్టు. ఏది తీసినా పడకపోతే డైనమో వైరు విప్పి చూడాలి.

స్కానర్ పెడితే పది కోడ్లు వరసకడతాయి. వాటిలో చాలావరకు వోల్టేజీ పడిపోయినప్పుడు పుట్టినవే. చెరిపేసి బండి నడిపాక మళ్లీ వచ్చినవాటినే లెక్కలోకి తీసుకోవాలి. ఈసీఎంకు కరెంటూ ఎర్తూ సరిగా అందుతున్నాయని తేల్చుకోకుండా దాన్ని మార్చమనేవాళ్ల మాట వినకండి.

రెండు పాత అలవాట్లు మానాలి. తెగిన ఫ్యూజ్ చోట రాగి తీగ చుడితే ఈసారి కాలేది వైరింగే. ఇంజన్ నడుస్తుండగా బ్యాటరీ వైరు పీకి డైనమోను పరీక్షించడం అంబాసిడర్ కాలానికి చెల్లింది. ఇప్పుడు ఆ క్షణంలో ఎగిసే వోల్టేజీ బతికున్న ఈసీఎంనూ చంపొచ్చు.

కేబుల్ రంగును నమ్మకండి, బ్యాటరీ మీది గుర్తు తుడిచి చూడండి. గుర్తు చెరిగిపోతే, మామూలుగా లావుగా ఉండే ముక్కు ప్లస్. ఆఖరి నల్ల క్లిప్పును డౌనైన బ్యాటరీకి కాకుండా ఇంజన్ ఇనుముకు పెట్టండి. అప్పుడు నిప్పురవ్వ బ్యాటరీ గ్యాసుకు దూరంగా పడుతుంది. ఇంతా చేసి పొరపాటు జరిగితే మాత్రం దాచకండి. “ప్లస్ మైనస్ మార్చాను” అని షెడ్డులో అడుగుపెట్టగానే చెప్పేయండి. మీ పరువుకేం కాదు, బిల్లు మాత్రం తగ్గుతుంది.