తీపికి కాస్త పొగ

అక్టోబరు ఆఖరి వారం వచ్చిందంటే హైదరాబాద్ పుప్పాలగూడ అపార్ట్‌మెంట్లలో దయ్యాల హడావిడి మొదలు. నల్ల గుడ్డలు, ప్లాస్టిక్ కోరలు, చాక్లెట్ల బుట్టలు. 31 రాత్రి పిల్లలు గుంపులుగా తలుపులు కొడతారు. ఐర్లాండ్ నుంచి అమెరికాకు వెళ్లిన ఈ హాలోవీన్ పండుగ, అక్కడ ఉండొచ్చిన మనవాళ్లతో ఇక్కడికీ చేరింది. అరువు పండుగని కొట్టిపారేసేవాళ్లతో నేను ఏకీభవించను. వాళ్లు గుమ్మడికాయకు కళ్లు చెక్కి దీపం పెడతారు, మనం బూడిద గుమ్మడిని గుమ్మానికి వేలాడదీస్తాం. చెడును గడప దాటనివ్వకూడదన్న తాపత్రయం రెండు చోట్లా ఉంది.

భయం, మిఠాయి ఒకే బుట్టలో పడే రాత్రి అది. దానికి తగ్గ సెంటు కలపాలన్నా ఆ రెండూ కావాలి.

ఉత్త తీపి వాసన కాసేపటికే మొహం మొత్తుతుంది. 1992లో వచ్చిన, ఫ్యాషన్ డిజైనర్ థియరీ మ్యూగ్లర్ వారి ‘ఏంజెల్’ సెంటు దీనికి దారి చూపింది. మ్యూగ్లర్‌కి చిన్ననాటి తిరునాళ్ల వాసన కావాలి. సెంటు కలిపిన ఒలివియే క్రెస్ప్ పీచు మిఠాయి వాసననిచ్చే ఇథైల్ మాల్టాల్‌ని ధారాళంగా వాడి, దాని కింద పచౌలి ఆకు నూనెను దట్టంగా పరిచాడు. పచౌలిది తడిమట్టి వాసన, మూసిపెట్టిన చెక్కపెట్టె వాసన. అడుగున ఆ చీకటి ఉండబట్టే పైన పంచదార అంత అల్లరిగా వినిపిస్తుంది.

ఆ చీకటి కోసం నేను వెతుక్కునేది సాంబ్రాణి. తలంటి పోశాక పసిపిల్లల జుట్టుకు పట్టే పొగ ఇదేగా! సుమత్రా, లావోస్ ప్రాంతాల్లో స్టైరాక్స్ చెట్టు బెరడుకు గాటు పెడితే కారే బంక ఇది. లావోస్ వైపు దొరికే రకంలో వెనిలిన్ సహజంగానే ఉంటుంది కాబట్టి తీపి, పొగ రెండూ ఒకే పలుకులో దొరుకుతాయి. 2011లో వచ్చిన ప్రాడా ‘క్యాండీ’కి వెన్నెముక కూడా సాంబ్రాణే. బేగంబజారులో కొనేటప్పుడు బొగ్గు కలిపిన కప్పులు వద్దు, పలుకులే అడగాలి. దంచి, సెంట్లకు వాడే ఆల్కహాల్‌లో కొన్ని వారాలు నానబెట్టి వడకట్టాలి. నూనెలో అది సరిగా కరగదు.

పైన వెనిలిన్ చిటికెడు, పచౌలి ఒకటి రెండు చుక్కలు, కొసమెరుపుగా కమలా తొక్క నూనె. అది ముందే ఎగిరిపోతుంది, పోనివ్వండి. పిల్లలు పకపకా నవ్వినట్టుండే ఆ తొలి నిమిషాల కోసమే అది. అమెరికా వాళ్లు గుమ్మడి వాసన అనుకునేది నిజానికి దాల్చినచెక్క, లవంగం, జాజికాయ, అల్లాల వాసనే. అవన్నీ మన వంటింట్లో ఉన్నవే. అయితే దాల్చిన, లవంగ నూనెలు చర్మాన్ని మండిస్తాయి. లవంగం ఒక్క చుక్కకు మించనివ్వను, దాల్చిన జోలికే పోను.

వర్షాలు వెనక్కి తగ్గి రాత్రిళ్లు చల్లబడే రోజులివి. ఎండాకాలంలో ఊపిరాడనివ్వని తీపి ఇప్పుడు ఒద్దికగా నిలుస్తుంది. అయినా లిఫ్టులో నలుగురుంటారు, రెండు చుక్కలు చాలు. పిల్లల ఒంటికి అసలు రాయొద్దు, దయ్యం ముసుగు వెనక అంచుకు అద్దండి. వెనిలిన్ బట్ట మీద గోధుమరంగు మరక వేస్తుంది, ఆ నల్లగుడ్డ మీదైతే కనిపించదు.