పైట, కొంగు: సాంచాల ఊరినుంచి ఒక పఠనం

స్త్రీ శరీరం గురించి తెలుగు సాహిత్యంలో చర్చ లేచినప్పుడల్లా ఒక గుడ్డముక్క నడుమకు వస్తుంది. అది పైట. 1980ల చివర జయప్రభ రాసిన ‘చూపులు’, ‘పైటను తగలెయ్యాలి’ కవితలు, 1993లో ఓల్గా సంపాదకత్వంలో వెలువడిన ‘నీలిమేఘాలు’ సంకలనం, వాటి మీద సాగిన వాదోపవాదాలు మన విద్యార్థులకు పాఠ్యాంశాలుగా పరిచితమే. ఆ గుడ్డను నేసే ఊరిలో కూర్చొని ఈ కవిత్వాన్ని చదివితే ఏం కనిపిస్తుందన్నది ఈ వ్యాసంలో మా ప్రశ్న. ఆ ఊరు భివండీ.

మహారాష్ట్రలోని ఠాణే జిల్లాకు చెందిన భివండీ మరమగ్గాల పట్నం. తెలంగాణ నేతవారి నోట మరమగ్గం ‘సాంచా’. కరీంనగర్, వరంగల్, నల్లగొండ ప్రాంతాల నుంచి పద్మశాలీ కుటుంబాలు ఇక్కడికి వలస వచ్చి పద్మనగర్ వంటి పేటల్లో స్థిరపడ్డాయి. 1982 జనవరిలో దత్తా సామంత్ నాయకత్వాన బొంబాయి మిల్లుల సమ్మె మొదలయ్యాక, మిల్లుల ఉత్పత్తిలో పెద్ద వాటా ఇటువంటి సాంచాలకు మళ్ళింది. ఇక్కడ ప్రధానంగా తయారయ్యేది రంగు వేయని కోరా గుడ్డ. అది అద్దకానికి వెళ్ళి, ఎవరి ఒంటి మీదికో చేరుతుంది. దేవతల ఒళ్ళు కప్పడానికి భావనారుషి తామరతూడు దారంతో బట్ట నేసి ఇచ్చాడని పద్మశాలీల కులపురాణం. ఒంటిని కప్పడమే తమ పుట్టుకకు కారణంగా చెప్పుకొనే సమాజం ఇది.

ఇటువంటి ఊరిలో ఎండాకాలం సాంచాల షెడ్డు ముందు నిలబడితే ఒక దృశ్యం కనిపిస్తుంది. లోపల మగవాళ్ళు లుంగీ, బనీనుతో, ఒక్కోసారి బనీను కూడా లేకుండా, ఒంటినిండా దూదినూగుతో పని చేస్తుంటారు. ఆ ఒంటిని చూసి ఎవరూ ఏమీ అనుకోరు. అది పని చేసే ఒళ్ళు. అదే గల్లీలో ఒక అమ్మాయి నీళ్ళ బిందె ఎత్తుకొని వస్తుంది. ఆమె రెండు చేతులూ ఖాళీగా లేవు. చున్నీ జారితే ఆ తప్పు బిందెది కాదు, ఉక్కది కాదు, చూసేవాడిది కాదు. ఆ అమ్మాయిదే. ఆమె చేస్తున్నదీ పనే. కాని ఆమె ఒళ్ళు పని చేసే ఒళ్ళుగా లెక్కకు రాదు. నేతకుటుంబాల్లో కండెలు చుట్టడం తరతరాలుగా ఆడవాళ్ళ పని. కండె లేకుండా పేక లేదు. అయినా ‘నేతగాడు’ అన్న మాట మగ్గం ముందు కూర్చున్నవాడికే దక్కింది.

ఈ రెండు కొలతలు గల్లీలోనే కాదు, భాషలోనూ ఉన్నాయి. మగవాడి బట్ట చుట్టూ పుట్టిన పలుకుబడులు చూడండి. పంచె ఎగ్గట్టాడు, తలపాగా చుట్టాడు, చొక్కా చేతులు పైకి మడిచాడు. ఇవన్నీ పనికో పోట్లాటకో దిగుతున్న మనిషిని సూచిస్తాయి. పైట చుట్టూ పుట్టినవి వేరు. పైట జారింది, పైట సవరించుకుంది. ఇక్కడ చేసే పని లేదు, చూసే కన్ను ఉంది. పైట అన్నది ‘పయ్యెద’ నుంచి వచ్చిన మాట. అందులో ఎద ఉంది. గుడ్డకు పేరు పెట్టేటప్పుడే అది దేన్ని కప్పాలో నిర్ణయమైపోయింది.

సాహిత్య విమర్శ కూడా ఈ కొలతలకు అతీతంగా నిలబడలేదు. పద్దెనిమిదో శతాబ్దంలో తంజావూరు ప్రతాపసింహుని ఆస్థానంలో ముద్దుపళని ‘రాధికాసాంత్వనం’ రాసింది. కందుకూరి వీరేశలింగం ‘ఆంధ్ర కవుల చరిత్ర’లో ఆమె శృంగారాన్ని తప్పుపట్టాడు, ఆమె వృత్తినీ ప్రస్తావించాడు. 1910లో బెంగుళూరు నాగరత్నమ్మ ఆ కావ్యాన్ని పూర్తి రూపంలో పరిష్కరించి వావిళ్ళవారి ద్వారా ప్రకటిస్తూ, సిగ్గు స్త్రీలకే గాని పురుషులకు అక్కరలేదా అన్న భావంతో పీఠికలో ప్రశ్నించింది. మగకవుల కావ్యాల్లో లేనిది ఇందులో ఏముందన్నది ఆమె వాదం. బ్రిటిష్ ప్రభుత్వం పుస్తకాన్ని నిషేధించింది. స్వాతంత్ర్యానంతరం, 1952లో గాని వావిళ్ళవారు మళ్ళీ అచ్చు వేయలేదు.

ఈ వివాదంలో గమనించవలసిన విషయం ఒకటుంది. ప్రబంధకవి నాయికను ఆపాదమస్తకం వర్ణిస్తే అది అలంకారశాస్త్ర సమ్మతం. అతని వృత్తి, కాపురం, నడవడి విమర్శకు అవసరం లేదు. స్త్రీ అదే శృంగారాన్ని రాస్తే విమర్శకుని చూపు కావ్యం మీదినుంచి కవయిత్రి మీదికి మళ్ళుతుంది. 1990లలో జరిగిందీ ఇంచుమించు ఇదే. స్త్రీవాద కవిత్వానికి ‘నీలి కవిత్వం’ అన్న ముద్ర పడింది. ఎస్వీ సత్యనారాయణ సంపాదకత్వంలో 1997లో వచ్చిన ‘స్త్రీవాద వివాదాలు’ తిరగేస్తే ఆ చర్చ తీవ్రత తెలుస్తుంది. శ్రామికుడి చెమట పట్టిన దేహాన్ని అభ్యుదయ కవిత్వం గౌరవంగా కవిత్వంలోకి తెచ్చింది. ప్రసవవేదన పడే స్త్రీ దేహాన్ని కొండేపూడి నిర్మల ‘లేబర్ రూం’లోకి తెస్తే మాత్రం అది కవితావస్తువా అన్న సందేహం కలిగింది. రెండూ శ్రమలే. కొలతే వేరు.

ఆనాటి చర్చల్లో వినిపించిన ఒక ఆక్షేపణను భివండీ పాఠకులుగా మేము ప్రత్యేకంగా పట్టించుకోవాలి. పైట మధ్యతరగతి స్త్రీల సమస్య, కూలి చేసుకొని బతికే ఆడదానికి అది సమస్యే కాదన్నది ఆ ఆక్షేపణ. వినడానికి న్యాయంగానే ఉంటుంది. కాని ఈ వాదం చేసినవారు కూలి స్త్రీని సాక్షిగా పేర్కొన్నారే గాని ఆమె వాఙ్మూలం తీసుకోలేదు. బిందె ఎత్తుకొని గల్లీలో నడిచే అమ్మాయిని చూపులు వదిలిపెడుతున్నాయా? లేదు. ఆమెకు ఉన్న కష్టాల జాబితాలో ఇది మొదటిది కాకపోవచ్చు. జాబితాలో లేదనడం మాత్రం అబద్ధం.

అలాగని పైటను తగలెయ్యడం అన్న ప్రతీక అందరికీ ఒకేలా వర్తిస్తుందా? ఇక్కడ చరిత్ర మనల్ని కొంత ఆగమంటుంది. తిరువాన్కూరు సంస్థానంలో నాడార్ స్త్రీలకు అగ్రకులాల వారిలా రొమ్ము మీద గుడ్డ కప్పుకొనే హక్కు లేకపోయింది. దశాబ్దాల పోరాటం తరువాత 1859లో రాజు అనుమతి ప్రకటించాడు. అప్పుడు కూడా అగ్రకుల స్త్రీలు కట్టినట్టు కట్టరాదన్న నిబంధన పెట్టాడు. ఒక కులం స్త్రీకి తప్పనిసరి చేసిన గుడ్డనే మరొక కులం స్త్రీకి నిషేధించారు. రెండుచోట్లా నిర్ణయం ఆమెది కాదు. కాబట్టి గుడ్డ ఉండటమా, లేకపోవడమా అన్నదాని కంటే అది ఎవరి ఇష్టం మీద ఉందన్నదే అసలు ప్రశ్న.

ఈ ప్రశ్నకు తెలుగులో వచ్చిన బలమైన జవాబుల్లో జూపాక సుభద్ర కొంగు మీద రాసిన కవిత ఒకటి. దళిత స్త్రీగా, తెలంగాణ పలుకుబడిలో, తన కొంగు ఎద మీద కాపలా కాసే గుడ్డ కాదని ఆమె ప్రకటించింది. ఆ కవితలో కొంగు పనిలో తోడుండే వస్తువు. భివండీ తెలుగు ఇళ్ళల్లో వినిపించే మాట కూడా ‘కొంగు’ అనే. మన పలుకుబడిలో కొంగుకు ఎన్ని పనులున్నాయో లెక్కపెట్టండి. కొంగు నడుముకు చుట్టి పనిలోకి దిగుతాం, కొంగున డబ్బులు ముడి వేస్తాం, కొంగుతో చెమట తుడుస్తాం, కష్టం వస్తే కొంగు చాస్తాం, దేవుణ్ణి కొంగుబంగారం అంటాం. పైట చూపుకు చెందిన మాట. కొంగు చేతికి చెందిన మాట. ఒకే గుడ్డ చివరకు ఉన్న ఈ రెండు పేర్లలో ఒక సమాజపు ద్వంద్వ ప్రమాణం దాగి ఉంది.

అయితే సుభద్ర కవితను జయప్రభ కవితకు ఖండనగా మాత్రమే చదివే పద్ధతిని మేము అంగీకరించలేము. అలా చదివితే పాత ఆక్షేపణే కొత్త సాక్ష్యంతో తిరిగి వచ్చినట్టవుతుంది. జయప్రభ చూపు చేసే హింసను పట్టుకుంది. సుభద్ర ఆ చూపుకు అందని శ్రమను పట్టుకుంది, అందరు స్త్రీల పక్షాన ఒకే గొంతు మాట్లాడలేదని గుర్తుచేసింది. సుభద్ర విమర్శ స్త్రీవాదానికి కావలసిన విమర్శ. స్త్రీవాదులు అసలు నోరెత్తవద్దన్నవారు దాన్ని తమ వాటాగా వేసుకోవడానికి వీల్లేదు. సాంచాల గల్లీలో నడిచే అమ్మాయికి రెండు కవితలూ కావాలి. ఆమె ఒంటి మీద చూపూ ఉంది, బరువూ ఉంది.

తెలుగు నేలకు దూరంగా తెలుగు చదివే విద్యార్థులు ఈ చర్చ తమది కాదనుకోనక్కరలేదు. ‘రాధికాసాంత్వనం’ పుట్టింది తంజావూరులో. దాన్ని నిలబెట్టిన నాగరత్నమ్మ పేరులోనే బెంగుళూరు ఉంది. భివండీ, షోలాపూరు, సూరత్ వంటి నేతపట్నాల తెలుగు స్త్రీల మాటలు, పాటలు, బతుకమ్మ ఆటలో కట్టి పాడుకొనే కొత్త వరుసలు ఇంకా సేకరించవలసే ఉన్నాయి. మీ ఇళ్ళల్లో కండెలు చుట్టిన అమ్మమ్మలున్నారు. తమ ఒంటి గురించి వాళ్ళు ఏ మాటలు వాడతారో, ఏ మాటలు మింగేస్తారో రాసిపెట్టండి. అందాక కూలి స్త్రీ పేరుతో ఎవరైనా తీర్పు చెప్తుంటే, ఆమెను అడిగే చెప్తున్నారా అని ప్రశ్నించండి.