బీపీ వస్తే వేసుకునే బిళ్ల

మొన్న మందుల షాపులో నా ముందు నిలబడ్డ పెద్దమనిషి, "ఐదు బిళ్లలు కత్తిరించి ఇవ్వు బాబూ, చాలు. రీడింగు నార్మల్‌కొచ్చేసింది. మళ్లీ బీపీ వస్తే కొంటా" అన్నాడు. నాకు బీపీ వచ్చింది.

చూశారా, నేనూ అదే మాట వాడేశాను. ఈ మాట మీద నా కక్ష పాతది. కోపానికి బీపీ అని పేరు పెట్టుకున్నాం. కోపం వచ్చిపోయేది గనక బీపీ కూడా వచ్చిపోతుందనుకుంటాం. మనసు ప్రశాంతంగా ఉన్నరోజు మాత్ర మానేస్తాం. 140/90 దాటిన రక్తపోటు చాలామందికి తలనొప్పి కూడా తెప్పించదు. చడీచప్పుడూ లేకుండా గుండెనీ, మెదడునీ, మూత్రపిండాల్నీ తినేస్తుంది. పైగా ఆమ్లోడిపిన్ లాంటి మాత్ర ప్రభావం ఒకరోజు దాటి ఉంటుంది. ఓ పూట మానితే ఏమీ కాదు. అక్కడే మనసుకు ధైర్యమొస్తుంది.

మాట మారిస్తే మనిషి మారతాడని రాద్దామని కూర్చున్నాను. మా నాన్న గుర్తొచ్చి కలం ఆగింది.

నాన్న హైస్కూల్లో సైన్సు మాస్టారు. గుండె బొమ్మ చెయ్యెత్తకుండా బోర్డు మీద గీసేవారు. ఓ రోజు ఆయన బల్లసొరుగులో విప్పని స్ట్రిప్పులు దొరికాయి. కేకలేశాను. ఆయన తలెత్తకుండా, "ఒంట్లో ఏ బాధా లేదురా. పొద్దున్నే అది మింగేటప్పుడే నేను రోగినని గుర్తొస్తోంది" అన్నారు. ఆ వారం డాక్టరు అడిగితే, రోజూ వేసుకుంటున్నానని చెప్పారు. డాక్టరు నమ్మి డోసు పెంచారు. నా కేకల వల్ల ఆయన నేర్చుకున్నది ఆ అబద్ధమే.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2003 నివేదిక ప్రకారం, సంపన్న దేశాల్లోనూ దీర్ఘకాలిక జబ్బులున్నవాళ్లలో సగం మందే మందులు సరిగ్గా వాడతారు. అక్కడ చదువుకేం కొదవ?

అమ్మ మాత్రం నాన్నను ఒక్క మాటా అనలేదు. మర్నాడు డాక్టరుకు ఉన్నమాట చెప్పొచ్చింది. ఆ తర్వాత రోజూ ఆయన మంచినీళ్ల గ్లాసు పక్కన మాత్ర పెట్టి, తన షుగరు బిళ్ల కూడా అక్కడే కూర్చుని వేసుకునేది. ఇంట్లో రోగి తానొక్కడే కాదనిపించిందేమో, నాన్న మళ్లీ మానలేదు.

కాబట్టి కోపాన్ని బీపీ అనుకుంటే అనుకోండి, నా కక్ష వదిలేస్తున్నాను. మీ పెద్దవాళ్ల సొరుగులో విప్పని స్ట్రిప్పులు కనబడితే మాత్రం కేకలెయ్యకండి. ఎందుకు మింగబుద్ధి కావట్లేదో అడగండి. ఆ జవాబు డాక్టరు చెవిన వెయ్యండి.