వలపు పాటలో భాషాపాఠం

డాలస్‌లో చదువుకుంటున్న మా తమ్ముడి కూతురు ఈ వారం నా మనసు నింపేసింది. కాలేజీలో స్పానిష్ తీసుకుందట. ఫోన్‌లోనే ‘బేసమే మూచో’ ఆసాంతం పాడి, “పెదనాన్నా, ఇందులో మాటలన్నీ నాకు వచ్చేశాయి” అంది.

మెక్సికో పియానో విద్వాంసురాలు కొన్సువెలో వెలాస్కెస్ 1940 ప్రాంతంలో కట్టిన బొలెరో అది. 1962 జనవరి 1న డెక్కా కంపెనీ ఆడిషన్‌లో బీటిల్స్ కూడా పాడారు. నింపాదిగా సాగే పాట, ప్రతి మాటా విడిగా వినబడుతుంది. పల్లవిలోనే వ్యాకరణం ఉంది. ‘ముద్దు పెట్టు’ అనే క్రియ చివర ‘నన్ను’ అనే సర్వనామం ‘మే’ అతుక్కుంటుంది. మాట పొడుగైనా ఊనిక మొదటి అక్షరం మీదే నిలవాలి కనుక, రాసేటప్పుడు అక్కడ చిన్న గీత పెడతారు. పాడేవాళ్లకు ఆ చోటు చెవే చెబుతుంది.

“మరి స్పానిష్‌లో భయాన్ని ఏమంటారమ్మా?” అనడిగాను. పిల్ల వెంటనే చెప్పలేదు. పాట మొదటినుంచి కూనిరాగం తీసుకుంటూ వచ్చి, ఆ మాట తగలగానే ఆగింది. మాట వచ్చింది గానీ రాగం చెయ్యి వదల్లేదు. పైగా ఈ పాటలో రాత్రి ఉంది, ముద్దు ఉంది, ఎడబాటు భయం ఉంది. ఇంటద్దె లేదు, జ్వరం లేదు, బస్సు లేదు. మాటల మూట కోసమైతే ప్రేమపాట చాలదు.

ఇక్కడ మన క్షేత్రయ్యను తలచుకోకుండా ఉండలేను. మొవ్వ గోపాలుడి మీద ఆయన కట్టిన తెలుగు పదాలను తమిళదేశంలో వీణ ధనమ్మాళ్ కుటుంబం కంటికి రెప్పలా కాపాడింది. మనవరాళ్లు బృంద, ముక్త పాడారు. మరో మనవరాలు బాలసరస్వతి అభినయించింది. ఒకే పాదాన్ని మళ్లీ మళ్లీ పాడుతూ, ప్రతిసారీ కొత్త భావం పట్టడం ఆ అభినయ పద్ధతి. ఒకసారి అలక, ఒకసారి వేడికోలు, ఒకసారి ఎత్తిపొడుపు. మాటలు అవే, పలికేది వేరు.

స్పానిష్ పాటనూ అలాగే తిప్పాలి. ‘నన్ను’, ‘నాకు’ రెంటికీ పనికొచ్చే ఆ ‘మే’ను ఉంచి క్రియ మార్చితే చాలు: ‘దీమే’ అంటే నాకు చెప్పు, ‘దామే’ అంటే నాకివ్వు, ‘ఎస్పేరమే’ అంటే నాకోసం ఆగు. వలపు పల్లవిలోంచి వీధిలో పనికొచ్చే మాటలు పుట్టుకొస్తాయి.

పరభాష నేర్చుకునేవారికి నా మాట ఇదే: ఒక్క పాట కంఠస్థం చేయండి, కానీ పాడి ఊరుకోకండి. దాని వాక్యాల్లో మీ అవసరాలు పెట్టి, ఎదుటి మనిషితో మాట్లాడండి.