మిద్దె మీది మెంతమ్మకు

పోపులపెట్టెలో ఒక గది అద్దెకుండే మెంతమ్మా, పసుపుపచ్చని చేదుగింజా, నీకు దండం. మా హైదరాబాద్ అశోక్‌నగర్ సందుల్లో చెప్పిన రోజుకు వచ్చేదానివి నువ్వొక్కతెవే.

ఇది కాచుక్కూచునేవాళ్ళ పేట తల్లీ. చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయంలో, స్టడీ రూముల్లో, టీ బండ్ల దగ్గర, ఎటు చూసినా సర్కారు కొలువుల నోటిఫికేషన్ కోసమో హాల్‌టికెట్ కోసమో ఎదురుచూసే కళ్ళే. 2022 అక్టోబరు 16న గ్రూప్-1 ప్రిలిమ్స్ రాశారు పిల్లలు. పేపర్ లీకైందని రద్దయింది. 2023 జూన్ 11న మళ్ళీ రాశారు. కోర్టు దాన్నీ కొట్టేసింది. 2024 జూన్ 9న మూడోసారి. మొదటిదానికీ మూడోదానికీ నడుమ నిన్ను ఇరవై సార్లు విత్తి, కోసి, పప్పులో వేసుకోవచ్చు.

మా పిట్టగోడకు అవతల హాస్టల్. ఓ సాయంత్రం అక్కణ్ణుంచి ఒక పిల్లగాడు అడిగాడు:

"ఆంటీ, మెంతులంటే కిరాణంల దొరికేటివేనా? విత్తనాలు వేరే ఉంటయా?"

"అవే బిడ్డా. మీ మెస్సుల అడుగు, పిడికెడు ఇస్తరు."

రాత్రి నానబోసి, పొద్దున నీళ్ళు వంపేస్తే చాలు. పాత థర్మాకోల్ డబ్బా, అడుగున నాలుగు బెజ్జాలు, ఆరంగుళాల మట్టి. ఎర్రమట్టిలో మాగిన పశువుల ఎరువు, కాస్త కొబ్బరిపొట్టు. గింజలు చల్లి పైన పలచగా మట్టి కప్పాలి. నీళ్ళు చిలకరించాలే గాని గుమ్మరించకూడదు. మొదటిసారి నల్లా వచ్చిన సంబరంలో చెంబులకు చెంబులు పోసి నిన్ను కుళ్ళబెట్టాను. మన్నించు.

మూడోనాడు మట్టి సన్నగా నెర్రె విచ్చుతుంది. మెడ వంచుకుని లేస్తావు, గింజతొక్కను నెత్తిన టోపీలా పెట్టుకుని. అది జారిపోయాక రెండు బొద్దాకులు. తర్వాత ఒకే ఒక గుండ్రటి ఆకు. ఆ తర్వాతే మూడేసి ఆకుల రెమ్మలు. ముందు ఓనమాలు, పిమ్మట గుణింతాలు. వంగి చూసినవాళ్ళకే ఆ ఒంటరాకు కనబడుతుంది.

నీ చెల్లెళ్ళంతా నీలాంటివాళ్ళు కారు. కొత్తిమీర గారాలపట్టి. ధనియాలను నలిపి రెండు బద్దలు చేసి వేసినా వారం దాటితే గాని తొంగిచూడదు, ఎండలు ముదిరితే అలిగి పూతకొచ్చేస్తుంది. పుదీనాకు విత్తనమే అక్కర్లేదు. చిక్కడపల్లిలో కట్ట కొని, ఆకు తుంపాక మిగిలిన కాడల్ని గ్లాసు నీళ్ళలో నిలబెడితే తెల్లటి వేళ్ళు దిగుతాయి. బచ్చలి ఒక్క తీగముక్క గుచ్చితే పిట్టగోడ ఎక్కి నారాయణగూడ వైపు చూస్తూ కూచుంటుంది. కొత్తవాళ్ళు క్యాలీఫ్లవర్ జోలికి పోకపోవడం మంచిదని నా అభిప్రాయం. గర్వభంగం ఎందుకు?

పక్కనే బాగ్‌లింగంపల్లి, అటు బషీర్‌బాగ్. బాగ్ అంటే తోట. తోటలు పోయి పేర్లు మిగిలాయి. చిక్కడపల్లి అన్నప్పుడల్లా నాకు చిక్కుడు వినబడుతుంది, అది నా చెవి చిలిపితనం. నగరం అంచున నారపల్లిలో కథకుడు తుమ్మేటి రఘోత్తమ రెడ్డి ఇంటికప్పునే తోటగా మార్చి, 'మిద్దెతోట' అన్న మాటను జనం నోట నానేలా చేశారు. నాకంత కప్పు లేదు, నీళ్ళ ట్యాంకు నీడ తప్పిన మూల ఒకటుంది. పొద్దున వెంకటేశ్వరస్వామి గుడి గంట, సాయంత్రం ట్రాఫిక్ హారన్లు, రెంటినీ వింటూ అక్కడే పెరుగుతావు. వానొస్తే తడుస్తావు, మేలో మాత్రం నీకు పాత చీర పందిరి వెయ్యాల్సిందే.

ఆ హాస్టల్ పిల్లగాడూ నిన్ను విత్తి, ఇరవై నాలుగో రోజున కోశాడు. మెస్సు వంటామె పప్పులో వేసింది. వాడి గదిలోని నలుగురికీ తలా గరిటెడు వచ్చిందట. చేదుందన్నాడట ఒకడు. నిన్న రాత్రి మన పిల్లగాడు ఇంకో పిడికెడు నానబోశాడు.