గాజు పెట్టెలో కిక్రి

నార్వే దేశంలో ట్రాండ్‌హైమ్ నగరపు రేవు ఒడ్డున పాత ధాన్యపు గోదాం ఒకటుంది. 2010లో అందులో రాక్‌హైమ్ అనే మ్యూజియం తెరిచారు. జనం పాడుకునే ఆధునిక సంగీతానికి అది ఆ దేశపు జాతీయ మ్యూజియం. రాజుల కత్తులకు కాక కుర్రకారు పాటలకు ఒక దేశం చోటు ఇచ్చిందంటే మెచ్చుకోవలసిందే.

అయితే మాకొక ప్రశ్న ఉంది. ఆ మ్యూజియం కథ 1950ల నుంచి, అంటే రాక్ సంగీతం వచ్చిన కాలం నుంచి మొదలవుతుంది. ఆ రోజుల్లో ఉత్తర నార్వే ఆదివాసులైన సామి ప్రజలు తమ పాటను దాచుకుని బతుకుతున్నారు. దాని పేరు యోయిక్. అది ఒక మనిషి గురించి పాడేది కాదు, ఆ మనిషినే పాడటం. ఎవరిని పాడితే పాట వాళ్లదే అవుతుంది. మిషనరీలు యోయిక్‌ను పాపమన్నారు. బడులు దాన్ని గడప బయటే ఆపాయి. మరి జనం పాట అన్నప్పుడు ఏ జనాన్ని లెక్కపెట్టినట్టు?

1980లో యూరోవిజన్ పోటీకి నార్వే పంపిన పాటలో మాటిస్ హెట్టా యోయిక్ పాడాడు. అంతకు ముందటి ఏడాదే ఆల్టా నదిపై ఆనకట్ట వద్దని సామి ఉద్యమకారులు ఓస్లోలో పార్లమెంటు ముందు నిరాహార దీక్ష చేశారు. యోయిక్‌ను దేశం తన పాటగా పంపింది, ఆనకట్టను మాత్రం కట్టింది. పోలవరం ముంపు ఊళ్ల కోయ, కొండరెడ్డి పిల్లలకు ఈ సంగతి విడమరచి చెప్పనక్కర్లేదు. 1994 ఒలింపిక్స్ ప్రారంభ వేడుకకు పిలిచినప్పుడు సామి గాయని మారి బోయినె వెళ్లలేదు. అలంకారానికే పిలుస్తున్నారని ఆమెకు అనిపించింది.

మన దగ్గరి మ్యూజియాల్లోనూ గాజు పెట్టెలో కిక్రి చూశాం. పక్కన వాయిద్యం పేరుంది, వాయించిన ప్రధాన్ పేరు లేదు. అది పలికితే పెర్సాపేన్ కథ వస్తుందని రాసి లేదు. డోలు కొడుతూ కోయ భాషలో సమ్మక్క సారలమ్మ కథ పాడిన సకిని రామచంద్రయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చింది. 2024లో ఆయన పోయారు. ఆ కథలు నేర్చుకున్నవాళ్లు ఎందరు?

మ్యూజియం వద్దని మేము అనడం లేదు. మన పాట అందులోకి వెళ్తే పాడినవారి పేరు, ఊరు, భాష, ఏ పండుగలో పాడతారో, వారి అనుమతి, అన్నీ కూడా వెళ్లాలి. టీచర్లూ, ఈ సెలవుల్లో పిల్లల్ని ఊరి పెద్దల దగ్గర కూర్చోబెట్టండి. ముందు నేర్చుకోనివ్వండి, ఆ తర్వాతే ఫోన్‌లో రికార్డు చేయమనండి.