సూది దిగని కుట్టు

"కుట్లేస్తారా బాబూ, పిన్నులు కొడతారా?" అనడిగాడు ఉద్దానం నుంచి వచ్చిన జీడితోట రైతు. డయాలసిస్ కోసం ఆయన చేతికి ఫిస్టులా వేస్తున్నాను. మత్తు చేతి వరకే కాబట్టి మనిషి మెలకువగానే ఉన్నాడు. "నీ నరం చూసి చెప్తాను తాతా" అన్నాను.

మణికట్టు దగ్గర ధమనికి సిరను కలపడమే ఫిస్టులా. రెండు మూడు మిల్లీమీటర్ల గొట్టాలు, తలవెంట్రుకంత దారం. ఈ విద్యకు ఆద్యుడు లియాన్ నగరపు అలెక్సిస్ కారెల్. 1894లో ఆ ఊళ్లోనే ఫ్రాన్స్ అధ్యక్షుడు సాదీ కార్నో కత్తిపోటుకు గురై, తెగిన రక్తనాళాన్ని కుట్టగలిగేవాళ్లు లేక చనిపోయాడు. కారెల్ ఎంబ్రాయిడరీ చేసే ఒకావిడ దగ్గర సూదిపని నేర్చుకున్నాడంటారు. రక్తనాళపు గుండ్రటి నోటిని మూడుచోట్ల దారంతో పట్టి లాగితే త్రికోణమవుతుంది, తిన్నటి అంచు కుట్టడం సులువు. 1902లో ప్రచురించిన ఈ కిటుకే 1912లో ఆయనకు నోబెల్ దాకా దారి వేసింది.

కుట్టులో రెండు చిక్కులు. సూది లోపొరను పొడుస్తుంది, పొడిచినచోట రక్తం గడ్డకట్టాలని చూస్తుంది. ఇక ఒకే దారంతో చుట్టూ కుట్టుకొచ్చి బిగించామా, లంగా బొందు లాగినట్టు నోరు ముడుచుకుపోతుంది. శిక్షణ రోజుల్లో నేనలా బిగించిన ఒక ఫిస్టులా సాయంత్రానికల్లా మూగబోయింది. ఆ పేషెంటుకు మళ్లీ కోత తప్పలేదు.

తాత అడిగిన పిన్ను, అంటే 1990లలో వచ్చిన టైటానియం క్లిప్పు, ఈ రెంటికీ జవాబు. అంచుల్ని బయటికి విప్పి, జతచేసి పట్టుకుంటే క్లిప్పు పైనుంచే కొరికి పడుతుంది, లోపలికి దిగదు. పని తొందరగా తెములుతుంది. అయితే అంచులు సమంగా విప్పి పట్టడానికి ఇంకో మంచి చెయ్యి కావాలి. ఖర్చూ ఎక్కువే.

అన్నిటికంటే పెద్ద ఇబ్బంది సున్నం. షుగరూ కిడ్నీ జబ్బూ ముదిరినవాళ్ల ధమని గోడ పెంకులా గట్టిపడుతుంది. అంచు విచ్చుకోదు, క్లిప్పుకు పట్టు చిక్కదు. అక్కడ సూదే దిక్కు. గోడ ఎక్కడ మెత్తగా ఉందో, ఎక్కడ పెళుసుగా ఉందో సూది మొన వేళ్లకు చెబుతుంది, క్లిప్పు చెప్పదు. అందుకే నా ఓటు ఇప్పటికీ దారానికే.

తాతకూ దారమే వేశాను. చివర్లో ఆయన వేలు తీసి ఫిస్టులా మీద పెడితే, "తుమ్మెద దూరినట్టుంది బాబూ" అని నవ్వాడు.

మీ ఇంట్లో ఎవరికైనా ఫిస్టులా ఉంటే ఆ చేతికి బీపీ పట్టీ కట్టనివ్వకండి, రక్తం తీయనివ్వకండి. రోజూ వేలుపెట్టి ఆ జుమ్ముమనడం చూసుకోమనండి. అది ఆగిపోతే తెల్లారేదాకా చూడకుండా ఆసుపత్రికి తీసుకురండి.